సమురు చేతులు

పూత పండుతుండగా మధ్యలో పొయ్యిపెట్టె తలుపు తియ్యకూడదని జగన్నాధానికి తెలుసు. తెలిసే తీశాడు. లోపలి వేడి ముఖాన కొట్టింది. ఊచకు వేలాడదీసిన తీగచుట్ట నిన్న సాయంత్రం తేనె రంగులో, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. ఇప్పుడు దాని మీద చిన్న చిన్న బొబ్బలు లేచాయి. ఒక బొబ్బని గోటితో నొక్కాడు. పొర చిట్లి, కింద చుట్టిన గాజుదారపు పట్టీ నుంచి పొలుసులా ఊడి వచ్చింది. వేలు కాలింది. కాలిన వేలు నోట్లో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

“మళ్ళీ పొంగిపోనాదేటి బాబూ?” అన్నాడు వెనకనుంచి ఎల్లాజీ.

ఎల్లాజీ ఆ షాపులో మేస్త్రీ. కాలిపోయిన మోటార్ల పొట్ట విప్పి, పాత తీగ పీకి, కొత్త తీగ చుట్టడంలోనే అతని తల నెరిసింది. ఆ అడగడంలో వెటకారం ఉందో లేదో జగన్నాధానికి తెలియలేదు. లేదని అనుకోవడానికి మనసొప్పలేదు.

“పొంగింది. పాళ్ళు మార్చాలి.”

“నిన్న మార్సినారు కదా.”

“మళ్ళీ మార్చాలి.”

షాపు అతని మేనమామ నరసింగరావుది. కొత్తవలస స్టేషనుకు కాస్త ఇవతల, కొండల్లోంచి ఇనపరాయి మోసుకొచ్చే గూడ్సుబళ్ళు మలుపు తిరిగే చోట ఉంది. ముందు గదిలో నీటి పంపుల మోటార్లు, రైసుమిల్లు మోటార్లు బారుగా పడి ఉంటాయి. ఎల్లాజీ వాటికి తీగ చుట్టి, లక్క వార్నీషు పోసి పంపేస్తాడు. మామూలు వేడికి లక్క ఆగుతుంది. వెనక రేకుల షెడ్డు మాత్రం జగన్నాధానిది. అందులో ఉన్నది ఒకే ఒక మోటారు, ఇనుము పోతపోసే కార్ఖానా వాళ్ళది. ఇసుక అచ్చులు ఆరబెట్టే వేడిగదిలో గాలి తిప్పే పంకాకు దాన్ని బిగిస్తారు. ఆ గదిలో మనిషి నిలబడలేడు, మోటారు నిలబడాలి. ఎవరు చుట్టినా కొన్నాళ్ళకే తీగల మీది పొర మాడిపోయి, తీగకు తీగ తగిలి, మోటారు చచ్చి ఊరుకునేది.

ఆ వేడికి ఆగే పూత నేను చేస్తానని కార్ఖానా ఇంజినీరుతో జగన్నాధమే అన్నాడు. ఎవరూ అడక్కుండానే అన్నాడు. ఇంజినీరు అతన్ని ఎగాదిగా చూసి, నెలాఖరు సోమవారం వేడిగది వెలిగిస్తామనీ, ఆ వేళకి మోటారు తెమ్మనీ, ముందుగా ఒక చుట్ట వేడికి ఆగినట్టు రుజువు చూపాలనీ చెప్పాడు. ఇప్పుడు నెలాఖరు వచ్చేసింది.

పూత అంటే రెండు రకాల జిగుర్ల కలయిక. ఒకటి ఎపాక్సీ. అది ఇనుముని, రాగిని, గాజుని, దేన్నైనా పట్టుకుంటే వదలదు. కాని వేడి ముదిరితే గోధుమరంగుకు తిరిగి, పెళుసెక్కి, పగిలిపోతుంది. రెండోది సిలికోన్. ఇసుక జాతిది, వేడికి చలించదు. కాని దానికి పట్టు లేదు, దేని మీద పోసినా చుట్టపుచూపుకు వచ్చినట్టు ఉంటుంది. రెండింటినీ కలిపి కాచి, గట్టిపరిచే మందు వేసి, మెల్లిమెల్లిగా వేడి పెంచుతూ పండనిస్తే ఒకదాని లోపం ఇంకొకటి కప్పుకుంటుంది. బొంబాయిలో రంగుల కంపెనీలో పనిచేసినప్పుడు జగన్నాధం ఆ పని చూశాడు. అక్కడి స్నేహితుడు ఇప్పటికీ అప్పుడప్పుడు డబ్బాలు పంపుతాడు.

ఆ కంపెనీ ఎందుకు మానేశావని ఎవరైనా అడిగితే అతని దగ్గర జవాబు లేదు. వాల్తేరులో ఎమ్మెస్సీ ఎందుకు సగంలో వదిలేశావన్నా లేదు. పలాసలో నిశ్చయమైన సంబంధం లగ్నాలు పెట్టుకునే ముందు ఎందుకు వద్దన్నావన్నా లేదు. ఒక పని చేతిలోకి వచ్చి, కుదురుకుని, ఇక జరిగిపోతుందనిపించగానే ఒంట్లో ఏదో పాకడం మొదలవుతుంది. కుర్చీలో కూర్చోలేడు. అన్నం ముందు కూర్చోలేడు. లేచి ఇంకో చోటికి వెళ్ళేదాకా అది ఊరుకోదు. వెళ్ళాక కూడా, కొత్త చోటు కొత్తదనం పోయేదాకానే ఊరుకుంటుంది.

నరసింగరావు మేనల్లుణ్ణి చేరదీసిన రోజునే మాట తేల్చేశాడు.

“సూడరా, ఇది నీకు ఆఖరు. ఆ మోటారు గెలిసిందా, షెడ్డు నీదే. నేదంటే నౌపడ ఎల్లిపో. మీ అన్న సినబాబు ఉప్పు మడుల మీద ఉన్నాడు కదా. ఉప్పు దానంతటదే ఎండుతాది. నువ్వు సెడగొట్టడానికి అక్కడేటీ ఉండదు.”

అందరూ నవ్వారు. జగన్నాధమూ నవ్వాడు. కాని ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ఉప్పంటే అతనికి ఏవగింపు లేదు. తెల్లటి కుప్పల మధ్య తాటాకు గొడుగు కింద కూర్చుని ఉండటం ఊహించుకుంటే భయం వేసేది. అక్కడ వదిలి వెళ్ళడానికి కూడా ఏమీ ఉండదు.

అందుకే పాళ్ళు మార్చాడు. సిలికోన్ పెంచాడు. బొబ్బలు లేచాయి. తగ్గించాడు. లేచాయి. మందు తగ్గించాడు, పొయ్యి వేడి తగ్గించాడు, నిదానంగా పెంచాడు, మధ్యలో ఉండబట్టలేక తలుపు తీశాడు. కిటికీ గూట్లో రేకుముక్కలు బారులు తీరి ఉన్నాయి. కొత్తగా కలిపిన ప్రతిసారీ ముందు ఒక రేకు మీద తానే పూసి పొయ్యిలో పెట్టేవాడు. తీగచుట్ట పొంగిందని తెలియగానే ఆ రేకు వంక చూడకుండా గూట్లో పడేసి, ఇంకో పాళ్ళు మొదలుపెట్టేవాడు.

పాళ్ళు మారినా బొబ్బలు మారకపోవడంతో అతని బుద్ధి మనుషుల మీదికి మళ్ళింది. ఎల్లాజీకి లక్క అంటే ప్రాణం. బొంబాయి డబ్బాలు దిగిన నాటినుంచీ మూతి ముడుచుకునే ఉన్నాడు. డబ్బాలు తాళం లేని చోటే ఉంటాయి. మధ్యాహ్నం జగన్నాధం భోజనానికి వెళ్ళినప్పుడు ఒక గరిటె లక్క అందులో పడితే చాలు. ఈ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడ్డాడు. సిగ్గుపడుతూనే దాన్ని పెంచుకున్నాడు. తప్పు తనలో లేదనిపించే ప్రతి ఆలోచనలోనూ ఒక వెచ్చదనం ఉంటుంది.

“ఎల్లాజీ, ఒక్క మాట అడుగుతాను. ఈ డబ్బాలో ఎవరైనా ఏమైనా కలుపుతున్నారా?”

ఎల్లాజీ చేతిలోని తీగ కింద పెట్టాడు.

“ఎవురో అంటే ఎవురు బాబూ? ఈ సావిట్లో మొగోణ్ణి నానొక్కణ్ణే.”

“నిన్ను అనలేదు.”

“నన్నే అన్నారు. ఆ సుట్టల్లో తీగ నాను సుట్టింది. నా తీగ నానే కాల్సుకుంటానేటి? మా ఇంటికి నానే అగ్గెట్టుకున్నట్టు.” భుజం మీది తువ్వాలు దులిపి మళ్ళీ వేసుకున్నాడు. “మీకు మనసు బాగోనేదు. కాసేపు అలగ స్టేసనుదాకా ఎల్లి రండి.”

జగన్నాధం వెళ్ళాడు కూడా. ప్లాట్‌ఫారం ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు. వచ్చిన బండి ఏదైనా సరే ఎక్కేయాలనిపించింది. నిజంగా ఒక బండి వచ్చి ఆగేసరికి కాళ్ళు కదలలేదు. ఎక్కే ధైర్యమూ, ఉండే ఓర్పూ రెండూ లేకపోతే మనిషి ఎక్కడ నిలబడాలి? బండి వెళ్ళిపోయాక ఎండలో నడుచుకుంటూ తిరిగి వచ్చాడు.

షెడ్డులో ఆడవాళ్ళు పని ఆపి ఉన్నారు. చుట్టలకు గాజుపట్టీ చుట్టే పని గురమ్మది, తవిటమ్మది. గురమ్మ పెద్దది, ఆ పేటలోనే ఇల్లు. తవిటమ్మ ఆమె కోడలు. గాజుదారంతో నేసిన సన్నటి పట్టీని చుట్ట మీద బిగించి చుడుతూ, కుంచెతో జిగురు పూస్తూ, మళ్ళీ చుడుతూ పోవాలి. అలా తడి మీద చుట్టడం జగన్నాధం పెట్టిన పద్ధతి. పొడిగా చుట్టి, ఆ తరవాత చుట్ట మొత్తాన్ని జిగురులో ముంచి ఉంచడం ఇంకో పద్ధతి. కాని బుడగలు ఆగేదాకా ముంచి, కారేదాకా వేలాడదీసి, మళ్ళీ ముంచి కూర్చుంటే చాలా రోజులు పడుతుంది. అన్ని రోజులు కూర్చోవడం అతని వల్ల అయ్యే పని కాదు.

ఇద్దరి మధ్యా చాప మీద ఒక పనసకాయ ఉంది. కొండ ఊళ్ళనుంచి దిగిన కాయ, పండి ఘాటుగా వాసన కొడుతోంది.

“రండి బాబూ, నాలుగు తొనలు తిందురుగాని,” అంది గురమ్మ. “ఎండన పడి ఏటి తిరుగుడో. మావగారు సూస్తే తిడతారు.”

“తిడితే తిట్టనీ.”

“తిట్టరు గానీ, అల్లుడికి పిచ్చెక్కిందని నన్ను మందడుగుతారు,” అంది గురమ్మ. తవిటమ్మ తల వంచుకుని నవ్వింది.

గురమ్మ కత్తి తీసింది. “ఓలె, సమురు.” తవిటమ్మ పట్టీల బుట్ట కింద చెయ్యి పెట్టి ఒక సీసా బయటకు లాగింది. సగానికి ఆముదం ఉంది. గురమ్మ కత్తికి రాసింది, అరచేతులకు, వేళ్ళ సందుల్లోకి పట్టించుకుంది, కాయని రెండుగా చీల్చింది. తెల్లటి జిగురు సాగింది. ఆమె చేతికి ఒక్క చుక్క అంటలేదు.

జగన్నాధం తొన అందుకోబోయి ఆగిపోయాడు. అతను సీసా వంక చూడటం లేదు. సీసా వచ్చిన చోటు వంక చూస్తున్నాడు. పట్టీల బుట్ట కింద ఒక గుండ్రటి జిడ్డు మరక ఉంది. పాతది, నల్లబడింది.

“గురమ్మా, ఈ సీసా ఎప్పుడూ అక్కడే ఉంటుందా?”

“మరెక్కడుంటాది?”

“పట్టీ చుట్టేటప్పుడు కూడా రాసుకుంటారా?”

“రాసుకోపోతే ఎలగ బాబూ. ఆ జిగురేటి, ఈ జిగురేటి. సమురు నేకుండా పెడితే సెయ్యి ఊడి రాదు. మీ బొంబాయి జిగురైతే దీనికి తాత.”

అతనికి ముందు సంతోషం కలిగింది. ఒళ్ళంతా ఊపేసే సంతోషం. తప్పు జిగురుది కాదు. పాళ్ళది కాదు. నూనె ఉన్న చోట జిగురు పట్టదు. పట్టని చోట పొర కింద వేడి చేరితే పొంగక ఏం చేస్తుంది? లేచి గూట్లోని రేకుముక్కలు ఒక్కొక్కటే తీసి వెలుతురులో చూశాడు. తాను పూసిన రేకులు. మొదట కలిపిన పాళ్ళది కూడా అలాగే ఉంది, తేనె రంగులో, బొబ్బ లేకుండా. ఇన్నాళ్ళూ కళ్ళెదుటే ఉంది. ఒక్కసారి పాళ్ళు మార్చకుండా ఆగి ఉంటే రేకునీ చుట్టనీ పక్కపక్కన పెట్టి చూసి ఉండేవాడు.

సంతోషం వెనకే కోపం వచ్చింది. తన మీద రావలసిన కోపం, దగ్గరున్న వాళ్ళ మీద పడింది.

“ఎవరు చెప్పారు నూనె రాయమని? నా ప్రాణం తోడేశారు కదా మీరిద్దరూ. ఇక చుక్క నూనె ముట్టడానికి వీల్లేదు.”

గురమ్మ కత్తి తుడుచుకుంది. తవిటమ్మ మాత్రం చేతులు చాపింది. అరచేతులు నున్నగా ఉన్నాయి. మణికట్టు పైన, నూనె పట్టించని చోట, చర్మం ఎర్రగా పగిలి, సన్నగా నీరు కారుతోంది.

“సమురు ఆగిన కాడికి ఆగింది. ఆగని కాడ ఇలగుంది,” అంది. ఫిర్యాదులా అనలేదు. సంతలో కూరగాయలు చూపించినట్టు చూపించింది.

గట్టిపరిచే మందు చర్మాన్ని తింటుందని జగన్నాధానికి తెలుసు. పుస్తకంలో ఎక్కడో చివర రాసి ఉండే మాట అది. అతను ఆ చేతుల్ని చూశాడు. చూసి, సోమవారానికి ఎన్ని చుట్టలు కావాలో లెక్క వేసుకుంటూ అవతలికి తిరిగాడు. అలా తిరిగిన సంగతి అతనికి ఆ క్షణంలోనే తెలిసింది. తెలిసినా వెనక్కి తిరగలేదు.

రుజువు కావాలి. పాళ్ళు ముట్టుకోకుండా, అదే జిగురుతో, ఒక చుట్టకి తానే నూనె లేకుండా పట్టీ చుట్టడానికి కూర్చున్నాడు. గురమ్మ ఎదురుగా కూర్చుంది.

“అలగ కాదు బాబూ, సగం మీద సగం రావాల. పాపకి పట్టీ కట్టినట్టు సుడతన్నారు. బిగించండి.”

“బిగిస్తే వేళ్ళకి అంటుకుంటోంది.”

“అంటుకుంటాది మరి.”

తవిటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చుట్ట పూర్తయ్యేసరికి అతని వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. కిరసనాయిలు పోసి రుద్దాడు. పట్టీలోని గాజునూగు ముళ్ళలా దిగిన చోటల్లా మంట మొదలైంది. మర్నాటికి వేళ్ళ సందులు పొక్కిపోయాయి. భోజనంలో పులుసు కలపబోతే ప్రాణం లేచిపోయినట్టయింది. చెంచా తెమ్మన్నాడు. నరసింగరావు తన విస్తరి మీంచి తలెత్తి చూసి, మళ్ళీ తినసాగాడు.

చుట్ట పొయ్యిలో పండింది. పండాక వేడిగది వేడి కన్నా ఎక్కువ వేడిలో ఉంచారు. జగన్నాధం దాన్ని బయటకు తీశాడు. పొర రంగు కొంచెం ముదిరింది, అంతే. సుత్తితో తట్టాడు. గోటితో గీకాడు. ఊడలేదు. ఎల్లాజీ దాన్ని అటూ ఇటూ తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, “నిలబడింది,” అన్నాడు. చుట్టని తిరిగి ఇస్తూ, “బాగుంది,” అన్నాడు.

ఆ సంగతి విని నరసింగరావు ముందు గదిలోంచి పంచె ఎగ్గట్టుకుని వచ్చేశాడు. మేనల్లుడి వీపు మీద ఒక్క చరుపు చరిచాడు.

“అనుకున్నాన్రా. బుర్ర ఉన్నాది, కుదురే నేదు అనుకున్నాను. ఇంకేటి, సుట్టలన్నీ బేగి కానిచ్చీ. సోమారం నానూ వస్తాను కార్ఖానాకి.”

“చుట్టలన్నీ చుట్టడం నా ఒక్కడి వల్ల కాదు మావా.”

“నువ్వెందుకు, ఆళ్ళున్నారు కదా. సమురు మానీమను.”

“మానితే చేతులు పోతాయి.” జగన్నాధం తన చేతులు చూపించాడు.

నరసింగరావు తన చేతులు చాపాడు. మోచేతి దాకా పాత మచ్చలు. “ఇవేటి? మరుగుతున్న లక్క పడింది. అన్నం తింటన్నాను కదా. సేతులు మానుతాయిరా. మోటారు మానదు.”

“పొడిగా చుడితే వేళ్ళకి గుడ్డ కట్టుకోవచ్చు. నూనె అక్కర్లేదు. చుట్టాక జిగురులో ముంచుదాం. చెయ్యి తగలదు.”

“ఎన్నాళ్ళు?”

“రెండు వారాలు. ఇంకాస్త ఎక్కువే పట్టొచ్చు.”

“సోమారం అన్నాడురా ఆయన.”

“సోమవారానికి కాదు.”

నరసింగరావు ఇంకేమీ వాదించలేదు. వాదించడం అతని పద్ధతి కాదు. నేరుగా షెడ్డులోకి నడిచి, “ఎల్లాజీ, ఉన్న జిగురంతా ఒక్కపాలి కలిపీ. మందు కూడా ఏసీ,” అన్నాడు. ఎల్లాజీ జగన్నాధం వంక చూశాడు. జగన్నాధం గూట్లోని రేకుముక్కల వైపు తిరిగాడు. ఖాళీ కిరసనాయిలు డబ్బాలో సగానికి పైగా జిగురు పడింది. అందులో మందు పడింది. ఎల్లాజీ కర్రతో తిప్పసాగాడు.

“గురమ్మా, సమురు తుడిసీండి. ఈ నాల్రోజులు ఓర్సుకోండి. తరవాత పసుపు రాసుకుందురుగాని.”

“మీరు సెప్పినాక కాదంటామేటి బాబూ,” అంది గురమ్మ. పొయ్యి దగ్గరికి వెళ్ళి పిడికెడు బూడిద తెచ్చి సగం కోడలికి ఇచ్చింది. ఇద్దరూ బూడిదతో చేతులు తోముకోవడం మొదలుపెట్టారు. అంట్లు తోముకున్నట్టే, అంతే శ్రద్ధగా. తవిటమ్మ మణికట్టు దగ్గరికి వచ్చేసరికి ఆగి, పగిలిన చోటు చుట్టూ వేలితో జాగ్రత్తగా తోముకుంది.

జగన్నాధానికి ఒంట్లో ఆ పాకడం మొదలైంది. కోరుకున్నదంతా ఇదిగో, చేతికందే దూరంలో ఉంది. మాట్లాడకుండా నిలబడితే చాలు, మోటారు గెలుస్తుంది, షెడ్డు తనదవుతుంది, జీవితంలో మొదటిసారి ఒక పని చివరిదాకా వెళుతుంది. అదే భయమేమో. జరిగిపోతుందనిపించగానే లేచి పోయే బుద్ధి, ఈసారి ఆ ఆడవాళ్ళ చేతులు అడ్డం పెట్టుకుని పోదామని చూస్తోందేమో. ఇంత మంచి సాకు ఎప్పుడూ దొరకలేదు. అతను తన లోపల వెతికాడు. జాలి ఉంది. పారిపోవాలన్న ఆరాటం ఉంది. రెండూ కలిసిపోయి ఉన్నాయి, ఏది ఏదో విడదీయలేకపోయాడు. విడదీసేదాకా ఆగితే తవిటమ్మ చేతులు శుభ్రమైపోతాయి.

ఎల్లాజీ కర్ర బయటకు తీసి పక్కన పెట్టాడు. జగన్నాధం వెళ్ళి డబ్బా మీద రేకుమూత పెట్టి, దాని మీద కూర్చున్నాడు.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. గురమ్మ కుంచె పట్టుకుని వచ్చి, “లెగండి బాబూ, జిగురు కావాల,” అంది.

“లేవను.”

“ఒరే, అది గట్టిపడిపోతాది,” అన్నాడు నరసింగరావు.

“గట్టిపడనీ మావా.”

“నీకేటైనా పట్టిందేట్రా? అదంతా పోతే మళ్ళీ బొంబాయి నుంచి రావాల.”

“రాయించుకుంటాను.”

నరసింగరావు దగ్గరకు వచ్చాడు. గొంతు పెంచలేదు. “నువ్వు పారిపోతన్నావు. సదువు కాడ పారిపోనావు, బొంబాయి కాడ పారిపోనావు. అవునా, కాదా?”

“నాకూ తెలీడం లేదు మావా. కావచ్చు.”

“తెలీనప్పుడు లెగు.”

“తెలీదు కాబట్టే కూర్చున్నాను.”

నరసింగరావు అతని చెయ్యి పట్టుకుని లాగాడు. పొక్కిన వేళ్ళు నలిగాయి. జగన్నాధం నోట్లోంచి కుక్కపిల్ల మూలిగినట్టు ఒక చప్పుడు వచ్చింది. మేనమామ చటుక్కున వదిలేసి, తన అరచేతికి అంటిన తడి చూసుకున్నాడు. పంచెకి తుడుచుకున్నాడు. మళ్ళీ పట్టుకోలేదు. పక్కనే ఉన్న పోత కార్ఖానా మోటారు మీద కూలబడ్డాడు.

మూత గోరువెచ్చనైంది. జిగురు గట్టిపడేటప్పుడు దానికి పుట్టే వేడి బయటి నుంచి వచ్చేది కాదు. పలచటి పూతైతే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. డబ్బాడు జిగురు ఒక్కచోట ఉంటే పోవడానికి దారి ఉండదు, తనలో తానే ఉడుకుతుంది. జగన్నాధానికి ఇదంతా తెలుసు. తొడల కింద వేడి పెరుగుతోంటే ఆ తెలిసినదాన్ని పాఠంలా లోపల చెప్పుకుంటూ కూర్చున్నాడు. కాళ్ళు లేవమంటున్నాయి. వేళ్ళ మంట లేవమంటోంది. ప్యాంటు వెనక చుర్రుమంది. మూత అంచు నుంచి ఘాటైన ఆవిరి వచ్చింది.

“ఓలమ్మా, కాల్తాది బాబూ,” అంది తవిటమ్మ. ఆమె అతనితో తానుగా మాట్లాడటం అదే మొదలు.

“ఒక గోనె ఇవ్వు.”

ఆమె గోనెపట్టా మడతపెట్టి ఇచ్చింది. అతను కొంచెం పైకి లేచి దాన్ని కింద వేసుకుని మళ్ళీ కూర్చున్నాడు. ఎల్లాజీ ఆ పక్కకి తిరిగి నవ్వు దాచుకున్నాడు. నరసింగరావుకు కూడా మూతి మీదికి నవ్వులాంటిదేదో వచ్చి పోయింది.

వేడి ఒక ఎత్తుకు వెళ్ళి, అక్కడ చాలాసేపు ఉండి, దిగడం మొదలైంది. బయట ఒక ఇనపరాయి బండి మలుపు తిరిగి వెళ్ళింది. షెడ్డు రేకులు అదిరాయి. అది వెళ్ళాక ఎల్లాజీ జగన్నాధాన్ని లేపి, మూత పక్కకి జరిపి, ఇనపకడ్డీతో లోపల పొడిచాడు. రాతిని తాకినట్టు ఖంగుమంది.

“సోమారం ఆయనకేటి సెప్తావు?” అన్నాడు నరసింగరావు.

“సోమవారం దాకా ఎందుకు. ఇప్పుడే వెళ్ళి చెప్తాను. గడువు అడుగుతాను. ఇవ్వకపోతే మోటారు తిరిగి ఇచ్చేస్తాను.”

“ఇచ్చీసాక?”

“నౌపడ వెళ్తాను.”

నరసింగరావు లేచాడు. డబ్బా వంక చూసి, “ఎల్లు,” అని ముందు గదిలోకి పోయాడు.

జగన్నాధం గుమ్మం దాటుతుంటే వెనక గుడ్డ చింపుతున్న చప్పుడు వినిపించింది. గురమ్మ ఒక పాత చీర చెరగు పేలికలు చేస్తోంది.

“ఏం చేస్తున్నావు గురమ్మా?”

“జిగురు ఎలాగూ నేదు కదా. ఊరికే కూకోడమెందుకు. ఏళ్ళకి కట్టుకుని పొడి పట్టీ సుడతాం. మీరు వొచ్చి వద్దంటే ఇప్పీడానికి ఎంతసేపు.”

సైకిలు హేండిలు పట్టుకోవడానికి వేళ్ళు వంగలేదు. నడిచే వెళ్ళాడు.

ఇంజినీరు వేడిగది గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉన్నాడు. జగన్నాధం నూనె సంగతి చెప్పాడు, పట్టీ సంగతి చెప్పాడు, డబ్బా మీద కూర్చున్న సంగతి కూడా చెప్పాడు. తాను చుట్టిన చుట్ట ఇచ్చాడు. ఇంజినీరు దాన్ని పరీక్షగా చూసి, జగన్నాధం చేతులు కూడా అలాగే చూసి, పక్కనే గోడవార ఉన్న ఒక పాత మోటారును చెప్పు కొనతో తట్టాడు.

“సోమవారం దీన్ని పెట్టి వెలిగిస్తాను. ఎవరో ఎప్పుడో చుట్టింది. ఇది కాలిపోయేదాకా నీకు గడువు. కాలిన మర్నాడు నీ మోటారు ఇక్కడ ఉండాలి. లేకపోతే విశాఖపట్నం పంపించేస్తాను.”

“ఎన్నాళ్ళు ఆగుతుందంటారు?”

“నాకెలా తెలుస్తుంది? ఒక పూట ఆగొచ్చు. దసరా దాకా ఆగొచ్చు.”

జగన్నాధం వంగి ఆ మోటారు చిల్లుల్లోంచి లోపలికి చూశాడు. తీగల మీది పొర నల్లబడి, అక్కడక్కడ బీటలు వేసి ఉంది. ఒక చోట పట్టీ కొన లేచి ఉంది. పొక్కిన వేలితో ఆ కొనని లోపలికి అదిమి, ఊడకుండా ఉంటుందో లేదోనని కొంచెంసేపు అలాగే పట్టుకున్నాడు. తరవాత చేతులు ప్యాంటుకి తగలకుండా పక్కలకు చాచి పెట్టుకుని, షాపు దారి పట్టాడు. దారి పొడుగునా, ఆ పాత మోటారు కాలకుండా ఉంటే బాగుండునని అనుకుంటూనే ఉన్నాడు.